ఉల్లిపొరలో దొరకని మైటోకాండ్రియా, రెండు ల్యాబుల్లో రెండు రకాల ప్లేట్‌లెట్లు: ఈ నెల ఉత్తరాలు

వానలు మొదలయ్యాయి, కాలేజీలు తెరిచారు, ఊళ్లో డెంగీ కూడా వచ్చేసింది. అందుకే కాబోలు ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ కణాల చుట్టూనే తిరుగుతున్నాయి. పాతికేళ్లు ల్యాబ్ బెంచీ ముందు స్టూలు అరగదీసినవాణ్ని కాబట్టి, వీటికి నాకు కాస్త ఉత్సాహం ఎక్కువ. జవాబులు పొడవైతే ఓర్చుకోండి.

ప్రశ్న: ప్రాక్టికల్లో ఉల్లిపొర మీద అయోడిన్ వేసి చూశాం. గళ్లు గళ్లుగా గోడలు, ఒక్కో గదిలో ఒక్కో చుక్క, అంతే. పుస్తకంలో మాత్రం కణం లోపలుండే మైటోకాండ్రియా, గాల్జీ, రైబోజోముల్లాంటి చిన్న చిన్న భాగాలు రంగురంగులుగా ఉన్నాయి. "అవి కనపడవులే, బొమ్మ వేసి రికార్డు ఇచ్చెయ్యండి" అన్నారు మేడమ్. కనపడనివి ఉన్నాయని ఎవరికి ఎలా తెలిసింది సార్?
— ఇంటర్ బైపీసీ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

నువ్వు చూసింది చచ్చిపోయిన కణాలమ్మా. అయోడిన్ పడగానే అవి చస్తాయి, న్యూక్లియస్ పసుప్పచ్చగా తేలుతుంది, మిగతాదంతా ఆగిపోతుంది. ఈసారి అయోడిన్ వెయ్యకు. ఉల్లిరేకు లోపలివైపు పొర తీసి, ముడత పడకుండా నీటిచుక్కలో పరిచి, కవర్ స్లిప్ వేసి, 40 నంబర్ లెన్సు పెట్టు. లైటు ఎక్కువ ఉంటే ఏమీ కనపడదు, కాబట్టి స్టేజీ కింద ఉండే డయాఫ్రమ్ మూసుకుంటూ రా. గోడ పక్కన, న్యూక్లియస్ చుట్టూ, దారాల్లాంటి సన్నటి దారుల వెంట ఇసుక రేణువుల్లాంటివి మెల్లగా జారుతూ కనపడతాయి. రెండు మూడు నిమిషాలు కన్ను తియ్యకుండా చూడాలి, మొదట ఏమీ కదలనట్టే ఉంటుంది. అది కణద్రవ్యం ప్రవాహం. ఆ రేణువుల్లో నూనె బిందువులున్నాయి, మైటోకాండ్రియా కూడా ఉన్నాయి, ఏది ఏదో మాత్రం చెప్పలేం.

అంటే మైటోకాండ్రియా విషయంలో చిక్కు సైజు ఒక్కటే కాదు. అర మైక్రాన్ నుంచి ఒక మైక్రాన్ మందం ఉంటుంది, మామూలు మైక్రోస్కోపుకి అందే కొలతే. కానీ అది పారదర్శకం, చుట్టూ ఉన్నదీ పారదర్శకమే. నీళ్లలో పడేసిన గాజుముక్కని వెతికినట్టు ఉంటుంది. అందుకే రంగులు వచ్చాయి. జానస్ గ్రీన్ బీ అని ఒక రంగు ఉంది. బతికున్న కణానికి చాలా పలచగా పెడితే మైటోకాండ్రియాలో మాత్రం నీలిపచ్చగా నిలుస్తుంది, మిగతా చోట్ల రంగు పోతుంది. అక్కడి ఎంజైములు దాన్ని ఆక్సీకరణ స్థితిలోనే, అంటే రంగు ఉన్న రూపంలోనే, ఉంచుతాయి కాబట్టి ఆ తేడా.

రైబోజోము సంగతి వేరు. అది 25, 30 నానోమీటర్లు. వెలుతురుతో చూసే మామూలు మైక్రోస్కోపు, ఎంత డబ్బు పోసి కొన్నా, సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడదీసి చూపలేదు. ఎర్నెస్ట్ అబ్బే 1873లోనే ఈ లెక్క చెప్పాడు. వెలుగు తరంగమే 400 నుంచి 700 నానోమీటర్లు ఉంటే అంతకంటే సన్నపనికి అది పనికిరాదు, గడ్డపారతో ముగ్గు వెయ్యమన్నట్టే. కాబట్టి వెలుతురుని వదిలి ఎలక్ట్రాన్లని పట్టుకున్నారు. 1931లో బెర్లిన్‌లో రుస్కా, నాల్ అనే ఇద్దరు ఇంజినీర్లు కలిసి మొదటి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కట్టారు. రుస్కాకి నోబెల్ ఇచ్చింది మాత్రం 1986లో, అప్పటికి ఆయనకి ఎనభై దగ్గర పడ్డాయి.

ఇక్కడే అసలు మెలిక. ఎలక్ట్రాన్లు గాలిలో ప్రయాణించలేవు, లోపల వాక్యూమ్ కావాలి. వాక్యూమ్‌లో నీళ్లున్న కణం నిలవదు. కాబట్టి ముందు గ్లూటరాల్డిహైడ్ అనే కెమికల్‌తో కణాన్ని ఉన్నదున్నట్టు బిగదీసి, ఆస్మియం అనే లోహం పట్టించి, నీరంతా లాగేసి, ప్లాస్టిక్ లాంటి రెజిన్‌లో పాతిపెట్టి, 60 నుంచి 90 నానోమీటర్ల మందాన ముక్కలు కోసి, వాటికి యురేనియం, సీసం లవణాలు పూస్తారు. ఇంత జరిగాక మిగిలిందాన్ని ఫొటో తీసి "ఇదీ కణం" అంటారు. దొండకాయని అడ్డంగా కోస్తే గుండ్రటి చక్రాలు వస్తాయి, నిలువునా కోస్తే పొడుగు ముక్కలు వస్తాయి కదా, పుస్తకంలో మైటోకాండ్రియాని దొండకాయలా గీయడానికి ఆ కోతలే కారణం. మెరిసే ప్రోటీన్లు తగిలించి బతికున్న కణాల్లో చూస్తే అవి చాలాచోట్ల వలలాగా అల్లుకుని, విడిపోతూ, మళ్లీ అతుక్కుంటూ ఉంటాయి. ఆ మెరుపు ప్రోటీన్ ఒక జెల్లీ చేప నుంచి వచ్చింది, దానికి 2008లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. 200 నానోమీటర్ల గీత దాటి చూడటం సాధించినవాళ్లకి 2014లో ఇచ్చారు.

బిగదీయడంలో మోసపోయిన కథ కూడా ఒకటి ఉంది. బ్యాక్టీరియా లోపల పొర చుట్టలు చుట్టుకుని కనపడితే దానికి మీసోజోమ్ అని పేరు పెట్టారు. శ్వాసక్రియ అన్నారు, కణవిభజన అన్నారు, తలా ఒక పని అంటగట్టారు. తర్వాత కెమికల్స్ లేకుండా బ్యాక్టీరియాని రెప్పపాటులో గడ్డకట్టించి చూస్తే అవి మాయం! కెమికల్ తగిలి పొర ముడుచుకుపోవడం వల్ల వచ్చిన చుట్టలవి. ఇప్పటికీ కొన్ని గైడుల్లో మీసోజోమ్ మీద రెండు మార్కుల ప్రశ్న ఉంటుంది, పరీక్షలో వస్తే రాసెయ్యి, మార్కులు వదులుకోకు.

రికార్డులో మాత్రం నీ కంటికి కనపడిందే గియ్యి. కింద "అయోడిన్ లేకుండా, 400 రెట్లు" అని రాయడం మర్చిపోకు.

ప్రశ్న: ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటోల్లో వైరస్ ఎర్రగా, కణం నీలంగా ఉంటుంది. ఆ రంగులు నిజమేనా?
— బ్యాంకు ఉద్యోగి, మలక్‌పేట

కాదండీ. వచ్చేది నలుపూ తెలుపూ మాత్రమే, రంగులన్నీ తర్వాత కంప్యూటర్లో పూసినవి. వెలుగే లేని చోట రంగెక్కడిది!

ప్రశ్న: ప్రాజెక్టు కోసం లివర్ నుంచి మైటోకాండ్రియా తీస్తున్నాను. సీనియర్ నోట్‌బుక్‌లో ఉన్నట్టే 3,000 ఆర్పీఎం, ఆ తర్వాత 10,000 ఆర్పీఎం పెడుతున్నాను. చివర్లో అడుగున చేరే ముద్ద, అదే పెల్లెట్, పేరుకి గోరంత వస్తోంది. వచ్చిందైనా మైటోకాండ్రియానో కాదో ఎలా తెలుసుకోవాలి? గైడ్‌ని అడగాలంటే టెన్షన్.
— ఎం.ఎస్సీ విద్యార్థిని, తార్నాక

గైడ్‌ని అడగమ్మా, ఆయన కూడా ఒకప్పుడు ఇదే తప్పు చేసి ఉంటాడు. నేనైతే చేశాను.

మీ సీనియర్ రాసింది అబద్ధం కాకపోవచ్చు, ఆమె సెంట్రిఫ్యూజ్, అంటే ట్యూబుల్ని గిర్రున తిప్పే యంత్రం, వేరు. ఆర్పీఎం అంటే చక్రం నిమిషానికి ఎన్నిసార్లు తిరిగిందని మాత్రమే. కణం మీద పడే బలం రోటర్, అంటే ట్యూబులు పెట్టే ఆ చక్రం, వ్యాసార్థం మీద కూడా ఆధారపడుతుంది. లెక్క ఇది: ఆర్పీఎంని దానితోనే గుణించి, సెంటీమీటర్లలో వ్యాసార్థంతో గుణించి, దాన్ని 0.00001118తో గుణిస్తే "జీ"లు, అంటే భూమి ఆకర్షణకి ఎన్ని రెట్లో, వస్తాయి. ఆమెది 7 సెంటీమీటర్ల చిన్న రోటర్ అనుకో, 3,000 దగ్గర సుమారు 700 జీ. మీ ల్యాబులోది 15 సెంటీమీటర్ల పెద్దది అయితే అదే 3,000 దగ్గర 1,500 జీ దాటుతుంది. మొదటి తిప్పుడు 600 జీ దగ్గర పది నిమిషాలు చాలు, దాని పని న్యూక్లియస్‌లనీ, పగలని కణాలనీ కిందికి దించడమే. నువ్వు రెట్టింపు పైగా తిప్పి బోలెడు మైటోకాండ్రియాని కూడా అడుగుకి తొక్కేసి, ఆ అడుగుని సింకులో పారబోస్తున్నావు! అంత పెద్ద రోటర్ అయితే 1,900 ఆర్పీఎం దగ్గర పెట్టు. రోటర్ వ్యాసార్థం మూత మీదో మాన్యువల్లోనో ఉంటుంది, లేకపోతే స్కేలు పెట్టి కొలుచుకో. నోట్‌బుక్‌లో ఇకమీదట ఆర్పీఎం రాయకు, జీ రాయి. నీ తర్వాత వచ్చే పిల్ల బాగుపడుతుంది.

పద్ధతి మన ఇళ్లలోదే. బియ్యంలో రాళ్లు గాలిస్తారు చూడు, బరువైన రాయి ముందు అడుగుకి చేరుతుంది, తేలిక బియ్యం నీళ్లతో పాటు పక్క గిన్నెలోకి జారుతుంది. 600 జీ దగ్గర న్యూక్లియస్, ఆ పై నీటిని తీసి 10,000 జీ దగ్గర పది, ఇరవై నిమిషాలు తిప్పితే మైటోకాండ్రియా, ఇంకా పై నీటిని లక్ష జీ దగ్గర గంటసేపు తిప్పితే ఈఆర్ (ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ అనే పొరల వల) ముక్కలు. లక్ష జీకి మీ బెంచీ మీది యంత్రం చాలదు, అల్ట్రాసెంట్రిఫ్యూజ్ కావాలి, ట్యూబులు గ్రాముల్లో కాదు మిల్లీగ్రాముల్లో బ్యాలెన్స్ చెయ్యాలి. అడ్డదిడ్డంగా పెడితే రోటర్ పేలిపోతుంది, నవ్వులాట కాదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కలీజా మాంసం కొట్టు నుంచి తెస్తున్నావా? కోసిన వెంటనే ఐసులో పెట్టించుకో, ప్లాస్టిక్ సంచిలో ఆటోలో అరగంట వేడికి తెచ్చిందాన్ని నమ్మకు. నీళ్లలో చిదిమితే మైటోకాండ్రియా ఉబ్బి పగులుతుంది, అందుకే 0.25 మోలార్ సుక్రోజు, అంటే వంద మిల్లీలీటర్లకి 8.56 గ్రాములు, పీహెచ్ 7.4 దగ్గర. మిక్సీ వద్దు. గాజు గొట్టంలో టెఫ్లాన్ రోకలితో ఐదారు సార్లు పైకీ కిందికీ, చేతికి చల్లగా తగిలేంత ఐసులో.

వచ్చింది ఏమిటో తెలియాలంటే చూపు చాలదు, ఎంజైము అడగాలి. సక్సినేట్ డీహైడ్రోజినేజ్ ఉంటే మైటోకాండ్రియా, యాసిడ్ ఫాస్ఫటేజ్ ఉంటే లైసోజోములు, అంటే కణంలోని ఎంజైము సంచులు, కూడా కలిశాయన్నమాట. కలుస్తాయి కూడా, 10,000 జీ దగ్గర రెండూ దిగుతాయి.

లైసోజోము దొరికిందే ఇలాంటి తికమకలో. 1949లో బెల్జియంలో క్రిస్టియన్ డి డూవ్ ఎలుక లివర్లో యాసిడ్ ఫాస్ఫటేజ్ కొలిస్తే ఉండాల్సిన దాంట్లో పదో వంతే వచ్చింది. కొలత తప్పేమోనని ఆ ట్యూబుల్ని ఫ్రిజ్‌లో పెట్టి, ఐదు రోజుల తర్వాత మళ్లీ చూస్తే ఎంజైము మొత్తం ఉంది. ఇంకెవరైనా అయితే మొదటి రీడింగు కొట్టేసి రెండోది రాసుకునేవాళ్లు. ఆయన మాత్రం మొదటిరోజు ఆ ఎంజైము ఏదో సంచీలో మూతపడి ఉందనీ, నిలవుంటే సంచీ చిరిగి బయటపడిందనీ పట్టుకున్నాడు. 1955లో దానికి లైసోజోమ్ అని పేరు పెట్టారు. 1974లో క్లాడ్, పలాడేలతో కలిసి ఆయనకి నోబెల్ వచ్చింది. కాబట్టి నీ ట్యూబులు కూడా వెంటనే పారేయకు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. ఫాస్ఫటేజ్ కొలవాలంటే విడుదలైన ఫాస్ఫేటుని కొలవాలి. దానికి మాలిబ్డేట్ వేసి నీలం రంగు తెప్పించి కొలిచే పద్ధతి నీ మాన్యువల్లో ఫిస్కె-సుబ్బారో అని ఉంటుంది. ఆ సుబ్బారో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే, 1925లో హార్వర్డ్‌లో ఫిస్కెతో కలిసి ప్రచురించారు. నూరేళ్లయినా ఆ నీలం ఇంకా మన ట్యూబుల్లో తిరుగుతూనే ఉంది.

ప్రశ్న: మా అబ్బాయికి డెంగీ. పొద్దున ఒక ల్యాబులో ప్లేట్‌లెట్లు 92 వేలు అన్నారు, సాయంత్రం ఇంకో ల్యాబులో 41 వేలు అన్నారు. అర్ధరాత్రి హాస్పిటల్‌కి పరుగెత్తాం. తెల్లారి మళ్లీ చేస్తే 88 వేలు! ఎవర్ని నమ్మాలి?
— గృహిణి, కూకట్‌పల్లి

మీ భయం నాకు అర్థమైందమ్మా, మా ఇంట్లోనూ జరిగింది. డెంగీలో ప్లేట్‌లెట్లు కొన్ని గంటల్లోనే నిజంగా పడిపోతాయి, కాబట్టి మీరు పరుగెత్తడం తప్పు కాదు. అయితే సాయంత్రానికి సగానికి పడి తెల్లారేసరికి మళ్లీ మొదటికి రావడమంటే, మధ్యలోని లెక్క మీద అనుమానపడాలి.

చాలా ల్యాబుల్లో ప్లేట్‌లెట్లని ఎవరూ కంటితో చూడరు. వాలెస్ కౌల్టర్ అనే ఆయనకి 1953లో పేటెంటు వచ్చిన కిటుకు ఒకటుంది: పలచన చేసిన రక్తాన్ని సన్నటి రంధ్రం గుండా పంపిస్తారు, దానికి అటూ ఇటూ కరెంటు ఉంటుంది, ఒక్కో కణం దూరినప్పుడల్లా కరెంటుకి అడ్డం పడి ఒక తుళ్లింత వస్తుంది. చిన్న తుళ్లింత అయితే ప్లేట్‌లెట్, పెద్దదైతే ఎర్రకణం. ప్లేట్‌లెట్ రెండు మూడు మైక్రాన్లు, ఎర్రకణం ఏడెనిమిది. యంత్రానికి సైజు తప్ప ఇంకేం తెలియదు. ఊదారంగు మూత ట్యూబులో ఈడీటీఏ ఉంటుంది, రక్తం గడ్డకట్టకుండా. కొంతమంది రక్తంలో ఆ ఈడీటీఏ వల్లే ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి. సూది గుచ్చాక రక్తం రావడం ఆలస్యమైనా, తీశాక ట్యూబుని నెమ్మదిగా తిరగేసి కలపకపోయినా గుంపులు కట్టొచ్చు. ఇరవై ప్లేట్‌లెట్లు ఒక ముద్దగా దూరితే యంత్రం దాన్ని ఒకటిగా లెక్కేస్తుంది, లేదా అసలు ప్లేట్‌లెట్ లెక్కలోకే తీసుకోదు. ఇటు తిరగేస్తే, చితికిన చిన్న ఎర్రకణాల్ని ప్లేట్‌లెట్లుగా కలిపేసి ఎక్కువ కూడా చూపించగలదు.

కాబట్టి రిపోర్టు తేడాగా ఉంటే "స్మియర్ చూశారా?" అని అడగండి. స్లైడు మీద ఒక చుక్క రక్తం పరిచి, లీష్మన్ స్టెయిన్ వేసి, నూనెచుక్క పెట్టి వంద నంబర్ లెన్సులో చూస్తారు. ఒక్కో చూపులో కనపడే ప్లేట్‌లెట్లని సగటున 15 వేలతోనో 20 వేలతోనో గుణిస్తే ఉరమర లెక్క వచ్చేస్తుంది, అంచుల్లో గుంపులుంటే కంటికే కనపడతాయి. గుంపులు ఉంటే నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీసి, వచ్చిన అంకెని 1.1తో గుణిస్తారు. ఆ ట్యూబులో ద్రవం ఉండి రక్తం పలచనవుతుంది కాబట్టి.

ఇంకొకటి. రోజూ చేయించేట్టయితే ఒకే ల్యాబులో చేయించండి. అంకె ఒక్కటే చూసుకుని కూర్చోకండి, డాక్టర్లు హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) కూడా చూస్తారు. జ్వరం తగ్గే రోజుల్లో కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, వీటిలో ఏది కనిపించినా ప్లేట్‌లెట్లు లక్షన్నర ఉన్నా సరే హాస్పిటల్‌కి వెళ్లాల్సిందే.

ప్రశ్న: నాన్నగారికి బయాప్సీ తీశారు. రిపోర్టుకి వారం అన్నారు. ముక్క తీసి మైక్రోస్కోపులో చూడటానికి వారం ఎందుకు? ఏదైనా దాస్తున్నారేమోనని అమ్మ ఏడుస్తోంది.
— ప్రైవేటు ఉద్యోగి, ఉప్పల్

దాచడం కాదండీ, అమ్మగారికి ఇది చదివి వినిపించండి. మెత్తటి కండముక్కని సన్నగా కొయ్యడం కుదరదు. ముందు ఫార్మలిన్‌లో నానబెట్టాలి, అది లోపలికి ఇంకడానికే గంటలు పడుతుంది. తర్వాత ఆల్కహాల్లో మెట్టు మెట్టుగా నీళ్లు తీసేసి, జైలీన్ పట్టించి, కరిగిన మైనంలో పెడతారు, ఇదంతా మామూలుగా రాత్రంతా ఒక యంత్రంలో నడుస్తుంది. పొద్దున మైనపు దిమ్మగా పోసి, మైక్రోటోమ్ అనే కోత యంత్రం మీద మూడు నుంచి ఐదు మైక్రాన్ల రిబ్బన్లు తీస్తారు. వెంట్రుక మందం సుమారు డెబ్భై మైక్రాన్లు అనుకుంటే, అందులో ఇరవయ్యో వంతు. ఆ రిబ్బన్ని గోరువెచ్చని నీళ్ల మీద తేలేసి, స్లైడుని కిందనుంచి పైకి లేపుతూ పట్టుకోవడం ఉంటుంది, ఊపిరి బిగపట్టి చేసే పని, నా మొదటి నెలంతా ముడతలే. తర్వాత హిమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రెండు రంగులు: న్యూక్లియస్ నీలి ఊదా, మిగతాది గులాబి. అనుమానం ఉంటే యాంటీబాడీలతో ఇంకో స్టెయిన్, దానికి మరో రోజో రెండు రోజులో. వారం అన్నారంటే కబురు చెడ్డదని కాదు, మంచిదనీ కాదు. ఆపరేషన్ మధ్యలో ఇరవై నిమిషాల్లో చెప్పే ఫ్రోజెన్ సెక్షన్ కూడా ఉంది, కానీ అందులో గడ్డకట్టిన నీరు కణాల్ని చెదరగొడుతుంది, చూపు అంత స్పష్టంగా ఉండదు. తొందర లేనప్పుడు మైనమే మంచిది.

ప్రశ్న: సెల్ కల్చర్, అంటే ల్యాబులో కణాలు పెంచడం, నేర్చుకుంటున్నాను. కణాలు పెరిగే ద్రవం, అదే మీడియం, నిన్న సాయంత్రం గులాబీ ఎరుపు, పొద్దునకి పసుపు. ఏమైంది?
— రీసెర్చ్ స్కాలర్, గచ్చిబౌలి

మీడియంలో ఫినాల్ రెడ్ అనే రంగు ఉంటుంది, ఆమ్లం పెరిగితే పసుపు. ఒక్క రాత్రిలో పసుపు, పైగా మబ్బుగా ఉంటే బ్యాక్టీరియా దిగిందని అర్థం, బ్లీచ్ పోసి పారెయ్యండి, యాంటీబయాటిక్ వేసి బతికిద్దామని ఆశపడకండి. స్వచ్ఛంగానే ఉండి మూడో రోజుకి పసుపైతే కణాలు కిక్కిరిశాయి, పలచన చెయ్యాలి. ఊదాలోకి తిరిగితే కార్బన్ డయాక్సైడ్ అయిపోయిందేమో చూడాలి. ఒకసారి బోనాల ముందు శనివారం సిలిండర్ గేజ్ చూడకుండా ఇంటికెళ్లిపోయాను. మంగళవారం వచ్చి తలుపు తీస్తే ప్లేట్లన్నీ వంగపండు రంగు, ఆరు వారాల పని. మైకోప్లాస్మా అనే అతిచిన్న బ్యాక్టీరియా మాత్రం రంగూ మార్చదు, మబ్బూ పట్టదు, దానికి పీసీఆర్ చేయించాల్సిందే. అన్నట్టు చేతులకి, హుడ్‌కి (కణాలతో పనిచేసే గాజు క్యాబినెట్) 70 శాతం ఆల్కహాల్ వాడండి. వంద శాతమైతే ఇంకా గట్టిగా చంపుతుందనుకుంటారు, కానీ ప్రోటీన్లు విరగడానికి కాస్త నీళ్లు కావాలి, పైగా అది చప్పున ఆరిపోతుంది.

ప్రశ్న: మా పాప ఏడో తరగతి. ఆన్‌లైన్‌లో "2,000 రెట్లు" అని రాసిన మైక్రోస్కోపు కొనమంటారా?
— ఆటో డ్రైవర్, నాచారం

వద్దు అన్నా. వెయ్యి రెట్లు దాటాక మామూలు లెన్సులో బొమ్మ పెద్దదవుతుంది గానీ కొత్తగా ఏమీ కనపడదు, సెల్‌ఫోన్‌లో ఫొటోని మరీ జూమ్ చేస్తే పలిగిపోయినట్టే. కాగితం మడిచి చేసుకునే ఫోల్డ్‌స్కోప్ అని ఒకటుంది, మను ప్రకాశ్ అనే మన దేశపు శాస్త్రవేత్త బృందం అమెరికాలో తయారుచేసింది. 140 రెట్లు చూపిస్తుంది, ఫోన్ కెమెరాకి అంటించుకోవచ్చు, పాపకి అది చాలు. హబ్సిగూడలో కణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ వాళ్లు ఓపెన్ డే పెట్టినప్పుడు తీసుకెళ్లండి, అసలు సిసలు మైక్రోస్కోపులు చూస్తుంది. మొదట ఉల్లిపొర, తర్వాత పూలకుండీ కింద పళ్లెంలో నిలిచిన నీళ్ల చుక్క పెట్టమనండి. ఆ నీళ్లలో కంటికే మెలికలు తిరుగుతూ కనపడే పురుగులుంటే అవి దోమపిల్లలు. ఒక చుక్క పాపకిచ్చి, మిగతా పళ్లెం అప్పుడే ఎండలో బోర్లించండి.